గోదావరి డెల్టాలో బసెంజీ: తెచ్చుకునే ముందు, తెచ్చుకున్న తరువాత

“మొరగని కుక్క ఉందటగదండీ మాస్టారూ, మాకూ ఒకటి చూసి పెట్టండి” అని మా అరుగు మీద కూర్చుని అడిగినవారు ఈ ఏడేళ్ళలో పది పన్నెండు మంది ఉంటారు. వారిలో ఎవరికీ నేను చూసి పెట్టలేదు. బసెంజీ మంచి కుక్కే, కానీ అడిగినవారిలో చాలామందికి కావలసింది బసెంజీ కాదు. కొందరికి కాపలా కావాలి, కొందరికి పిల్లలు ఎత్తుకు తిరిగే బొమ్మ కావాలి, ఒకరిద్దరికి ఊళ్ళో ఎవరి దగ్గరా లేని జాతి కావాలి. ఈ మూడింటికీ ఇది పనికిరాదు. అంబాజీపేట దగ్గర మా పల్లెటూరిలో, చుట్టూ కొబ్బరితోటలూ వరిచేలూ పంటకాలువలూ ఉన్నచోట, ఈ జాతి ఆడకుక్కను ఒకదాన్ని పెంచుతూ నేర్చుకున్నదీ, పశువైద్యులను అడిగి తెలుసుకున్నదీ, తెచ్చుకోవాలనుకునేవారికి పనికివస్తుందని రాస్తున్నాను.

ఇది ఎటువంటి కుక్క

బసెంజీ మధ్య ఆఫ్రికాలోని కాంగో పరీవాహక అడవుల కుక్క. అక్కడి ప్రజలు దీన్ని వేటకు వాడతారు. చూపుతోనూ వాసనతోనూ కూడా జంతువును వెంటాడి వలలోకి తోలడం దీని పని. మగకుక్క భుజం దగ్గర సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తు, 11 కిలోల బరువు ఉంటుంది. ఆడది 40 సెంటీమీటర్లు, 10 కిలోలకు కాస్త అటూ ఇటూ. పొట్టి బొచ్చు, నిక్కిన చెవులు, నుదుట ముడతలు, నడుము మీద చక్రంలా చుట్టుకున్న తోక దీని గుర్తులు. ఎరుపు, నలుపు, మూడు రంగుల కలయిక, చారలు అనే నాలుగు రకాలలో ఉంటుంది, అన్నింటికీ పాదాలూ రొమ్మూ తోక కొనా తెల్లగా ఉంటాయి. మా దాని వొంటి రంగు తోమిన రాగిచెంబులా ఉంటుంది గనక దానికి రాగి అనే పేరు పెట్టారు. ఆరోగ్యంగా ఉంటే పదమూడు పధ్నాలుగేళ్ళు బతుకుతుంది; అంటే మీ అమ్మాయి ఒకటో తరగతిలో ఉండగా తెచ్చుకుంటే, ఆమె డిగ్రీ చదువుకు వెళ్ళేదాకా అది మీ ఇంట్లో ఉంటుంది.

మొరగదన్న మాట సగం నిజం. దీని స్వరపేటిక నిర్మాణం వేరుగా ఉండటం వల్ల మామూలు కుక్కల్లా ఆపకుండా భౌభౌమనదు. అప్పుడప్పుడు ఒక్కసారి దగ్గినట్టు ‘బఫ్’ అంటుంది, సంతోషం కలిగితే గొంతు ఎత్తి దించి ఒక రాగం తీస్తుంది, ఒంటరిగా వదిలేస్తే మనిషి ఏడ్చినట్టు అరుస్తుంది. రాగిని విదేశం నుంచి వెంట తెచ్చుకున్నది మా అన్నయ్య కుమారుడు. అతను హైదరాబాదులో ఫ్లాటు అద్దెకు తీసుకుని ఉద్యోగంలో చేరిన మూడు నెలలకే, పగలంతా లోపలినుంచి ఎవరో ఏడుస్తున్నారని పక్క వాటాలవారు వాచ్‌మన్‌ను తీసుకువచ్చి తలుపు కొట్టారట. రెండేళ్ళ వయసులో అది మా ఇంటికి చేరడానికి కారణం అదే. కనుక అపార్ట్‌మెంటులో నిశ్శబ్దంగా పడి ఉంటుందని తెచ్చుకునేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

పిల్లిలా తన ఒళ్ళు తానే నాక్కుని శుభ్రం చేసుకుంటుంది, కుక్క వాసన దాదాపు ఉండదు, బొచ్చు రాలడం చాలా తక్కువ. ఇంట్లో పూజగదీ మడీ ఆచారమూ ఉన్నవారికి ఇది పెద్ద సౌకర్యం. అయితే పిల్లి గుణాలు అక్కడితో ఆగవు. పిలిస్తే రావాలా వద్దా అన్నది ప్రతిసారీ అదే ఆలోచించుకుంటుంది.

ఎక్కడ, ఎలా తెచ్చుకోవాలి

మన దేశంలో బసెంజీలు బహు తక్కువ. డెల్టా పట్టణాలలో పెంపుడు జంతువుల దుకాణాల వారు ఫోనులో ఫొటోలు చూపించి తెప్పిస్తామంటే, అసలు బసెంజీ వస్తుందో, తోక వంకర తిరిగిన ఎర్ర పిల్ల ఏదైనా వస్తుందో చెప్పలేం. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నియమాల ప్రకారం పిల్లలను పుట్టించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నమోదు పత్రం చూపించమని అడగండి. విసుక్కునేవారి దగ్గర కొనవద్దు. జాతి కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పత్రాలుంటే, వాటిలోని మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు బిళ్ళ) సంఖ్యా, కుక్క మెడ వెనుక రీడరు పెడితే వచ్చే సంఖ్యా ఒకటే అవునో కాదో అక్కడే సరిచూసుకోవాలి. పిల్లను ఒక్కదాన్నే కాక, తల్లిని, అది ఉండే చోటును కూడా చూడనివ్వాలి. బస్సు పార్సిల్లోనో, రైల్వే స్టేషన్లో చేతికిస్తామనో చెప్పేవారి బేరం ఆ మాటతోనే వదులుకోవడం మంచిది.

విదేశం నుంచి తెప్పించుకోవడం అంత తేలిక కాదు. వాణిజ్యపరంగా పిల్లలను పుట్టించడానికి కుక్కలను దిగుమతి చేసుకోవడంపై 2016లో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఆంక్షలు పెట్టింది. విదేశంలో ఉండి స్వదేశానికి మకాం మార్చుకునేవారు తమ పెంపుడు జంతువును తెచ్చుకునే వెసులుబాటు వేరు. దానికి జంతు క్వారంటైన్ కేంద్రం నుంచి ముందుగా నిరభ్యంతర పత్రం, రేబిస్ టీకా రుజువు, ఆ దేశపు ప్రభుత్వ పశువైద్యుని ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. నియమాలు మారుతుంటాయి గనక, విమానం టిక్కెట్టు కొనేముందే చెన్నైలోనో హైదరాబాదులోనో ఉన్న ఆ కేంద్రాన్ని సంప్రదించాలి. మా అన్నయ్య కుమారుడు టిక్కెట్టు ముందు కొని, పత్రం తరువాత రాక, రెండుసార్లు ప్రయాణం మార్చుకున్నాడు.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన కాగితం ఒకటుంది. బసెంజీలలో ఫాన్‌కోనీ సిండ్రోమ్ అనే వంశపారంపర్య మూత్రపిండ వ్యాధి కనిపిస్తుంది. రక్తాన్ని వడగట్టినప్పుడు బయటికి పోయే గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, లవణాలను తిరిగి లోపలికి తీసుకోవలసిన గొట్టాలు ఆ పని చేయలేకపోతాయి, అవన్నీ మూత్రంలో పోతాయి. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ వయసులో బయటపడుతుంది, అంటే కుక్కపిల్లను చూసి ఎవరూ చెప్పలేరు. దీనికి 2007 నుంచి జన్యు పరీక్ష ఉంది, 2011లో జన్యులోపాన్నే నేరుగా గుర్తించే పరీక్ష వచ్చింది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం వస్తేనే పిల్లకు జబ్బు వస్తుంది. ఒక్కరి నుంచే వస్తే పిల్ల వాహకం అవుతుంది గాని జబ్బుపడదు. రెండు వాహకాలను జత కలిపితే పిల్లల్లో ప్రతిదానికీ నాలుగో వంతు ప్రమాదం ఉంటుంది. ఒకటి వాహకమై, రెండోది లోపం లేనిదైతే ఏ పిల్లకూ ఈ జబ్బు రాదు. కనుక తల్లి, తండ్రి ఇద్దరి జన్యు పరీక్ష ఫలితాలనూ చూడకుండా బయానా ఇవ్వవద్దు. పైరువేట్ కైనేజ్ లోపం వల్ల వచ్చే రక్తహీనతకూ జన్యు పరీక్ష ఉంది. కళ్ళు క్రమంగా మసకబారే రెటీనా వ్యాధి గురించీ, థైరాయిడ్, తుంటి కీళ్ళ గురించీ కూడా అడగాలి.

ఈ జాతికి ఇన్ని చిక్కులు ఎందుకు వచ్చాయంటే, బయటి ప్రపంచంలోని బసెంజీలు చాలాకాలం అతి కొద్ది కుక్కల సంతానంగానే పెరిగాయి. 1930లలో ఇంగ్లండుకూ అమెరికాకూ చేరిన కొన్నింటి నుంచే వంశాలు నిలిచాయి. రక్తంలో వైవిధ్యం కోసం 1980ల చివర్లో ఔత్సాహికులు మళ్ళీ ఆఫ్రికా వెళ్ళి కుక్కలను తెచ్చారు, 1990లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాటికి తన వంశావళి పుస్తకాన్ని తెరిచింది. చారల రంగు ఆ జాతిలోకి అలా వచ్చిందే.

గోడ, నుయ్యి, కోళ్ళు

కుక్క రావడానికి నెల ముందే ఇల్లు సిద్ధం కావాలి. మా ప్రాంతంలో సగం ఇళ్ళకు ప్రహరీ ఉండదు, కొబ్బరి మట్టల దడో, ముళ్ళ కంచో ఉంటుంది. దడి బసెంజీకి ఒక పూట పని. ఇనుప జల్లెడ కంచె వేస్తే దాన్ని నిచ్చెనలా ఎక్కుతుంది. గోడ కనీసం ఆరడుగులు ఉండాలి, నున్నగా ప్లాస్టరు చేసి ఉండాలి, అడుగున తవ్వకుండా నాపరాళ్ళు పాతాలి. ఆ తరువాత కుక్క కళ్ళతో ఒకసారి ఆవరణ అంతా చూడాలి. గోడకు ఆనించిన మోటారు గది, పేడ దిబ్బ, వంగిన కొబ్బరిచెట్టు, ధాన్యం బస్తాలు, అన్నీ దానికి మెట్లే. ఆరడుగుల గోడ కట్టించిన ఆనందంలో నేను గోడవారన కొబ్బరికాయల రాశి పోయించాను. రాగి ఆ రాశి మీదుగా గోడెక్కి, అటువైపు దిగకుండా పైనే కూర్చుని నేను వచ్చేదాకా చూసింది.

నేల నుయ్యి ఉంటే పైన ఇనుప చట్రం తప్పదు. చేపల చెరువులూ రొయ్యల చెరువులూ దగ్గరలో ఉన్నవారు మరీ జాగ్రత్తపడాలి. వాటి గట్లు నిలువుగా, జారుడుగా ఉంటాయి, పడిన కుక్క ఈదగలిగినా పైకి రాలేదు.

కోళ్ళ సంగతి విడిగా చెప్పాలి. కదిలేదాన్ని వెంటాడటం దీని నెత్తుటిలో ఉంది, ఎంత నేర్పినా ఆ గుణం పోదు. గోదావరి జిల్లాలలో సంక్రాంతికి ముందు పందెం పుంజు ధర ఎంత పలుకుతుందో తెలిసినవారికి, దాని పక్కన బసెంజీని పెంచడం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఒక మార్గశిరం ఉదయం మా గేటు గొళ్ళెం పడలేదు. రాగి రెండు అంగల్లో దారి దాటింది, మా ఎదురింటి ఆయన బాదంపప్పు పెట్టి మేపుతున్న డేగ రకం పందెం పుంజు తోక ఈకలు నాలుగు నోట కరుచుకుని తిరిగి వచ్చింది. పుంజు బతికింది గాని తోక పోయిన పుంజును ఆ ఏడు ఎవరూ బరిలోకి తీసుకోలేదు. ఆయన నొచ్చుకున్నా నవ్వుతూనే, “మొరిగే కుక్క కరవదంటారు గదండీ మాస్టారూ, మరి మొరగంది కరిచి తీరుతుందన్నమాట, ఆయ్” అన్నారు. నష్టం నేను కట్టుకున్నాను. ఆ వారమే గేటుకు రెండో గొళ్ళెమూ, లోపల ఇంకొక చిన్న గేటూ పెట్టించాను. గేటు తెరిచేవారు ఎవరైనా సరే, ఒకటి మూశాకే రెండోది తీయాలి. పాలవాడూ, కొబ్బరి దింపు కార్మికులూ కూడా ఇది అలవాటు చేసుకున్నారు.

నడక, తర్ఫీదు

రోజుకు గంటకు తగ్గకుండా నడక కావాలి, అదీ తాడు మీదే. కాలువ గట్టు మీద ఎవరూ లేరుగదా అని తాడు విప్పవద్దు. ఎలుకో, కౌజు పిట్టో కదిలితే అది పిలుపు వినదు. మోటారు సైకిలు వస్తోందనీ చూడదు. మెడ పట్టీకి బదులు ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ వాడితే మెడ మీద ఒత్తిడి పడదు. పరుగు కావాలంటే ఇరవై అడుగుల పొడుగు తాడు కట్టి కోతలైన చేలో వదలవచ్చు.

కొట్టి నేర్పేది ఏదీ ఈ కుక్క నేర్చుకోదు. కొట్టినవారిని మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. అయిదు నిమిషాల పాఠం, రోజుకు మూడు నాలుగు సార్లు, చెప్పింది చేసిన వెంటనే ఉడికించిన కోడి కార్జం ముక్క గోరంత. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన నాకు ఈ పద్ధతి ముందే తెలియలేదే అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఒకే ఆజ్ఞను పదిసార్లు వరుసగా చేయిస్తే మూడోసారికి విసుగొచ్చి వెళ్ళిపోతుంది. ఎనిమిది వారాల నుంచి నాలుగు నెలల లోపు వయసులో మనుషులనూ, పిల్లలనూ, గేదెలనూ, లారీ హారన్లనూ, జాతర డప్పులనూ మెల్లగా చూపించి, వినిపించాలి. ఆ కాలం దాటితే బెరుకు గట్టిపడుతుంది.

పనిలేని బసెంజీ కొరుకుతుంది. చెప్పులు, ఛార్జరు తీగలు, తలగడలు, ఒకసారి మా పడక కుర్చీ గుడ్డ మొత్తం. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అది ఉండటానికి ఇనుప బోను చిన్నప్పటి నుంచే అలవాటు చేయాలి. అందులోనే అన్నం పెట్టి, తలుపు తెరిచే ఉంచి, అది తన చోటని అనిపించాక మాత్రమే కొద్దికొద్దిసేపు మూయాలి. రోజుకు ఎనిమిది గంటలు ఇల్లు తాళం పెట్టి ఉండేవారు దీన్ని తెచ్చుకోకూడదు.

తిండి

పది కిలోల కుక్కకు రోజుకు సుమారు 600 కిలో కేలరీలు కావాలి. మిగిలిన అన్నంలో పెరుగు కలిపి పెట్టడం మన అలవాటు, కానీ దానితో మాంసకృత్తులు సరిపోవు. మంచి పెల్లెట్ దాణా వాడితే చిన్న పొట్లాలే కొనండి. డెల్టా తేమకు తెరిచిన సంచి రెండు వారాల్లో మెత్తబడి బూజు పడుతుంది. ఇంటి తిండి పెట్టేవారు ఉప్పూ కారమూ లేకుండా ఉడికించిన కోడిమాంసమో, గుడ్డో, అన్నమూ, గుమ్మడికాయో కలిపి, కాల్షియం సంగతి వైద్యుని అడిగి పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషం. ఉడికించిన కోడి ఎముకలు చీలి పేగులో గుచ్చుకుంటాయి. చేప పెట్టేటప్పుడు ముళ్ళు పూర్తిగా తీయాలి. వరద నీటికి వచ్చే పులసను కుక్కకు పెట్టేవారు ఉంటారని అనుకోను గాని, తిన్న తరువాత కంచంలో మిగిలే ఆ ముళ్ళను పెరట్లో పడేయకండి.

టీకాలు, గోమార్లు, మన ఊళ్ళ ప్రమాదాలు

1895లో ఇంగ్లండులో ప్రదర్శనకు తెచ్చిన బసెంజీలు డిస్టెంపర్ వ్యాధితో చనిపోయాయి, ఆ జాతి ఆ దేశంలో నిలదొక్కుకోవడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. ఆ జబ్బుకు ఇప్పుడు టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల ఎడంతో, నాలుగు నెలలు నిండేదాకా డిస్టెంపర్, పార్వో వంటివాటి టీకాలు వేయించాలి. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తరువాత ఏటేటా. మా ప్రాంతంలో వదలకూడనిది లెప్టోస్పైరోసిస్ టీకా. ఎలుకల మూత్రం కలిసిన బురదనీటి ద్వారా వచ్చే ఈ జబ్బు కుక్క నుంచి మనుషులకూ సోకుతుంది. వరి పొలాల మధ్య ఎలుకలు లేని చోటంటూ ఉండదుగదా.

గోమార్లు (పిడుదులు) ఏడాది పొడుగునా ఉంటాయి, గేదెల పాక పక్కనే ఉంటే మరీనూ. వీటివల్ల వచ్చే జ్వరం కుక్కను నీరసపరిచి, చిగుళ్ళు పాలిపోయేలా చేసి, రక్తంలో ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. నెలకో మూడు నెలలకో ఇచ్చే నమిలే మాత్రలు వచ్చాయి. ఏది ఇవ్వాలో బరువు చూసి వైద్యుడు చెప్పాలి. రోజూ సాయంత్రం నడక నుంచి రాగానే చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, తోక మొదట్లో తడిమి చూడటం మాత్రం మీ పని. పొట్టి బొచ్చు కనుక రెండు నిమిషాలు చాలు.

దాళ్వాలో (రబీ పంటకాలంలో) వరి పొట్ట మీద ఉన్నప్పుడు రైతులు గట్ల మీద నూకల్లో నూనె, జింక్ ఫాస్ఫైడ్ కలిపి ఎలుకల మందు పెడతారు. దానికి విరుగుడు లేదు. ఆ రోజుల్లో చేల గట్ల మీదికి నడకకు వెళ్ళకుండా, తారు రోడ్డు మీదే తిప్పండి; చుట్టుపక్కల రైతులతో మందు పెట్టే రోజు ముందే చెప్పమని మాట తీసుకోండి. బ్రోమాడియోలోన్ బిళ్ళలు తింటే మూడు నాలుగు రోజుల తరువాత గాని రక్తస్రావం మొదలవదు. దానికి విటమిన్ కె చికిత్స ఉంది, కనుక తిన్నదని అనుమానం వచ్చినా ఆగకుండా వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. పాము కాటుకూ అంతే: కట్టు కట్టడం, కోయడం వద్దు, కుక్కను నడిపించకుండా ఎత్తుకుని వెళ్ళండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి విషాలకు మనుషులకు వాడే విరుగుడునే కుక్కలకూ వాడతారు. మీకు దగ్గరలో ఏ ఆసుపత్రిలో అది నిల్వ ఉంటుందో అవసరం రాకముందే తెలుసుకుని పెట్టుకోండి. ఊరి పశువుల ఆసుపత్రి వైద్యులు ఎక్కువగా గేదెలను చూస్తారు. పెద్ద పరీక్షలకు రాజమహేంద్రవరమో కాకినాడో, అక్కడా కాకపోతే గన్నవరంలోని పశువైద్య కళాశాల ఆసుపత్రో వెళ్ళాలి.

గరిటె కథ

జన్యు పరీక్షలో లోపం లేదని వచ్చినా, మూడేళ్ళు నిండినప్పటి నుంచి నెలకొకసారి మూత్రంలో గ్లూకోజు చూసుకోవడం బసెంజీ పెంచేవారు పాటించే పద్ధతి. మనుషుల షుగరు కోసం మందుల దుకాణంలో అమ్మే మూత్ర పరీక్ష పట్టీలే చాలు. తెల్లవారి మొదటి మూత్రం పట్టాలి. కుక్క వంగగానే గిన్నె పెడితే అది లేచి వెళ్ళిపోతుంది, అందుకని పొడుగు కాడ ఉన్న గరిటె మేలు. వెనుకనుంచి చప్పుడు కాకుండా జరిపి, నాలుగు చుక్కలు పడగానే వెనక్కి తీయాలి. పట్టీని ముంచి, డబ్బా మీద రాసినంత సేపు ఆగి, రంగును పోల్చాలి. రంగు మారకపోతే క్యాలెండరు మీద ఒక సున్న చుట్టి, మళ్ళీ నెల దాకా మరిచిపోవచ్చు.

రాగికి ఆరేళ్ళప్పుడు శ్రీరామనవమి మరునాడు పట్టీ రంగు మారింది. అది వాహకమే గాని జబ్బు రాదని కాగితం ఉన్నా నా గుండె జారింది. పట్టణంలో ఒక క్లినిక్కుకు తీసుకువెళితే, పట్టీ చూసి, ఇది చక్కెర వ్యాధే, ఇన్సులిన్ మొదలుపెడదామన్నారు. రక్తంలో చూడకుండానా అని అడిగాను. చూస్తే రక్తంలో చక్కెర సరిగ్గా ఉంది. ఈ తేడాయే తెలుసుకోవలసింది: రక్తంలోనూ మూత్రంలోనూ చక్కెర ఎక్కువైతే అది మధుమేహం, రక్తంలో సరిగ్గా ఉండి మూత్రంలో మాత్రమే పోతుంటే ఫాన్‌కోనీని అనుమానించాలి. మధుమేహమని పొరబడి ఇన్సులిన్ ఇస్తే ఆ కుక్క ప్రాణానికే ముప్పు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మరునాడు గాజు గ్లాసుతో పట్టి చూస్తే పట్టీ మారలేదు. మూడోసారి కూడా మారలేదు. అప్పుడు మా ఆవిడ పళ్ళెంలోని గరిటె తీసి చూపించింది. నవమి నాడు పానకం కలిపింది దానితోనే, కాడ మడత సందులో బెల్లం అంటుకుని ఉంది. అప్పటి నుంచి పరీక్షకు ప్రత్యేకంగా ఒక గరిటె కొని, ఎర్ర దారం కట్టి, వంటింటికి దూరంగా పెరట్లో తగిలించాము.

జబ్బు నిజంగా వస్తే, విపరీతంగా నీళ్ళు తాగడం, ఎక్కువ మూత్రం పోయడం, బరువు తగ్గడం కనిపిస్తాయి. రక్తంలోని వాయువులూ లవణాలూ పరీక్షించి, పోతున్న బైకార్బొనేటునూ లవణాలనూ మాత్రల రూపంలో తిరిగి అందించే చికిత్సా విధానం ఉంది. తొలిదశలోనే పట్టుకుంటే చాలా కుక్కలు మామూలు ఆయుర్దాయానికి దగ్గరగా బతుకుతాయి.

ఎండ, వాన, వరద

కాంగో కూడా వేడీ తేమా ఉన్న నేలే గనక, మన వాతావరణం మంచు దేశపు హస్కీ కుక్కలను బాధించినంతగా బసెంజీని బాధించదు. అలాగని మే నెలలో మధ్యాహ్నం బయట కట్టేయవద్దు. ఆ నెలలో నడక ఉదయం ఆరు గంటల లోపు, మళ్ళీ పొద్దు గుంకాక. కాలువలు కట్టేసిన రోజుల్లో ఎండిన కాలువలోకి దింపకండి, అడుగున సీసా పెంకులు ఉంటాయి.

వానంటే దీనికి పరమ అసహ్యం. తుంపర పడితే గుమ్మం దాటదు, ఆషాఢంలో రెండు రోజులు ముసురు పట్టిందంటే మూత్రానికి కూడా వెళ్ళకుండా బిగబట్టుకుని కూర్చుంటుంది, అది ఆరోగ్యానికి మంచిది కాదు. పెరటి వసారా చివర రేకు కింద ఇసుక పోసి ఒక చోటు చూపించి పిల్లప్పుడే అలవాటు చేస్తే ఈ బాధ ఉండదు.

లంక గ్రామాలలోనూ ఏటిగట్టు దగ్గరా ఉండేవారు వరద రోజులకు ముందే సిద్ధం కావాలి. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరికకే కుక్క సంచి సర్దాలి: వారం దాణా, గోమార్ల మాత్ర, టీకా పుస్తకం ప్లాస్టిక్ కవరులో, తాడు, బోను. రెండో హెచ్చరిక దాకా ఆగితే పడవ మీదా ట్రాక్టరు మీదా బోనుకు చోటు ఉండదు. పునరావాస కేంద్రంలో చుట్టూ పిల్లలూ కోళ్ళూ మేకలూ ఉంటాయి గనక, బోనులో నిమ్మళంగా ఉండటం ముందే నేర్చుకున్న కుక్కకే అక్కడ మర్యాద. వీలైతే గట్టు మీద ఊళ్ళో బంధువుల ఇంటికి ముందుగానే పంపడం ఇంకా మేలు.

సంతానం, ముసలితనం

చాలా కుక్కలు ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తే, బసెంజీ ఆడది సాధారణంగా ఏడాదికి ఒక్కసారే, వర్షాకాలం చివర నుంచి శరత్కాలంలోపు వస్తుంది. ఆ మూడు వారాలు ఊళ్ళోని మగకుక్కలన్నీ మీ గోడ చుట్టూ కాపలా కాస్తాయి. పిల్లలను పుట్టించే ఆలోచన లేకపోతే, ఏ వయసులో చేయించాలో వైద్యుని అడిగి గర్భాశయం తీయించండి. ఒక ఈత వేయిద్దామని ముచ్చటపడేవారు, తగిన జోడు మన రాష్ట్రంలో దొరకడమే కష్టమనీ, పుట్టే నాలుగైదు పిల్లలకు ఈ గోడలూ ఈ గొళ్ళేలూ ఉన్న ఇళ్ళు వెదకాలనీ ఆలోచించాలి.

ఇదంతా చదివాక మనకు ఇంత పని వద్దనిపిస్తే, మన ఊరకుక్క పిల్లను ఒకదాన్ని తెచ్చుకోండి. పొట్టి బొచ్చు, నిక్కిన చెవులు, వంకర తోక దానికీ ఉంటాయి. ఈ నేలకు అలవాటుపడి తరాలు గడిచాయి. పైగా దొంగ వస్తే మొరుగుతుంది కూడా. నన్ను అడిగిన ఆ పది పన్నెండు మందిలో నలుగురు ఆ పనే చేశారు.

నాకిప్పుడు అరవై ఆరు, రాగికి తొమ్మిది. నేనూ మా ఆవిడా లేకపోతే అది ఎవరి దగ్గరికి వెళ్ళాలో మా అన్నయ్య కుమారునితో మాట్లాడుకుని కాగితం మీద రాసి పెట్టుకున్నాం. టీకాల తేదీలు, మైక్రోచిప్ సంఖ్య, దాణా కొలత, గరిటె ఎక్కడ ఉంటుందో, గేటు గొళ్ళేలు ఏ వరుసలో వేయాలో అందులో ఉన్నాయి. అన్నీ నేను రాశాక మా ఆవిడ కాగితం తీసుకుని, అడుగున తన చేత్తో ఒక పంక్తి కలిపింది: “వానలో బయటికి తీసుకువెళ్ళవద్దు, రాదు.”